దీనమ్మ సిస్టర్ అడిగిన గది

2024 జనవరి 12, శుక్రవారం, ఉదయం. బహ్రెయిన్‌లో గుదైబియా పేటలో ఒక చిన్న క్లినిక్. ఉన్నవారు: నేను; తెర అవతల కుర్చీలో నా కూతురు స్వప్న; కొత్తగా చేరిన కేరళ నర్సు. డాక్టరు ఇంకా రాలేదు.

నర్సు తెర లాగింది. ఇనుప కడ్డీ మీద ప్లాస్టిక్ రింగులు ఒకదాన్నొకటి తోసుకుంటూ గరగరమని జరిగిన ఆ చప్పుడుకు, నేను ఏ పని మీద వచ్చానో ఒక్క క్షణం మరిచిపోయాను. ఆ అమ్మాయి గొంతు బాగా తగ్గించి, రాత్రి ఎన్నిసార్లు మూత్రానికి లేస్తున్నారని హిందీలో అడిగింది. ఎంత తగ్గించిందంటే నేను రెండుసార్లు అడిగించుకోవలసి వచ్చింది. లేస్తున్న సంగతి, ధార సన్నబడిన సంగతి, ఇంకో రెండు సంగతులు మామూలు గొంతుతోనే చెప్పాను. తెర అవతల స్వప్న దగ్గింది. బయటికి వచ్చాక, "నాన్నా, పక్క లాండ్రీ దాకా వినబడింది" అంది. విననీ అన్నాను. మా అమ్మాయి ఈసా టౌన్‌లో ఒక బడిలో లెక్కలు చెబుతుంది. నా చేత అలా మాట్లాడించినది తన చదువూ కాదు, నా వయసూ కాదు. ఆ తెరను నాకు మొదటిసారి చూపించిన మనిషి ఇప్పుడు లేదు. పోయిన వానాకాలంలో పాలకొల్లు దగ్గర తన సొంత ఊళ్ళో కన్నుమూసిందని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆమెను ఎరగనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నా గురించి ఎంత కావాలో అంతే చెబుతాను. మాది మెట్‌పల్లి వైపు. బహ్రెయిన్‌లో ఒక కట్టడాల కంపెనీలో హాజరు గుమాస్తాగా చేరి, క్యాంపు ఇన్‌చార్జిగా రిటైరయ్యాను. మా వైపు గల్ఫ్ అంతా దుబాయే కాబట్టి ఊళ్ళో ఇప్పటికీ దుబాయి సారునే. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి డైరీ రాసే అలవాటుంది. ఎవరు వచ్చారు, ఏం జరిగింది, ఎండ ఎలా ఉంది అని రాస్తాను. నా అభిప్రాయాలు రాయను. అందుకే దీనమ్మ సిస్టర్ గురించి డైరీల్లో ఉన్నది తక్కువ, నాకు గుర్తున్నది ఎక్కువ.

ఈ క్లినిక్‌లోనే నర్సు. పొట్టి మనిషి, కాస్త లావు. కళ్ళజోడుకు నల్లతాడు కట్టి మెడలో వేసుకునేది. గోదావరి మాట. మా కుర్రవాళ్ళకు చేతులు తెగినా, కాళ్ళలో మేకులు దిగినా నేను తీసుకెళ్ళేది ఆమె దగ్గరికే. కట్టు కట్టేటప్పుడు తెలుగులో తిడుతుందని వాళ్ళకు ఆమె అంటే ఇష్టం. ఒకసారి, కరోనాకు చాలా ముందు, కడుపులో నొప్పి అన్న ఒక కుర్రవాణ్ణి తీసుకెళ్ళాను. ఆమె తెర లాగింది. నేను ఇవతల కూర్చున్నాను. "నొప్పి కడుపులోనా, కిందా? మంటగా ఉందా? చీము కనబడిందా? ఎవరి దగ్గరికైనా వెళ్ళావా బాబూ?" అని వరసగా అడుగుతోంది. పొద్దున ఏం తిన్నావని ఏ గొంతుతో అడిగిందో ఇదీ అదే గొంతుతో. నాకు చెవులు వేడెక్కాయి. కుర్రవాడు మందుల కోసం వెళ్ళాక, సిస్టర్, ఇలాంటివి కాస్త మెల్లగా అడిగితే బాగుంటుందేమో అన్నాను.

ఆమె చేతులు తుడుచుకుంటూ నా వంక చూసింది. "వాడి ఒళ్ళు ఎవరికీ కనబడకుండా తెర వేశానండీ. పేరు బయటికి పొక్కనివ్వను. కానీ నేను గుసగుసలాడానంటే, వాడేదో చెప్పరాని జబ్బు తెచ్చుకున్నాడని నేనే వాడికి చెప్పినట్టు కదండీ రాజేశం గారూ. రేపటి నుంచి రాడు. ఎవడో అమ్మే పొడి కొనుక్కుంటాడు." ఆ మాట నాకు నచ్చలేదు. ఆడమనిషి అలా మాట్లాడటం వింతగా ఉందని మాత్రం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మా ఆవిడకు చెప్పాను. ఆవిడ నవ్వి, మరి మగవాళ్ళు మాట్లాడితే కదా అంది.

కరోనా వచ్చింది. కంపెనీ క్యాంపు గేటు మూసింది. సైటుకు కొద్దిమందే, వంతులవారీగా. గదికి పది మంది, ఒకరి మంచం మీద ఒకరి మంచం. సెలవులు రద్దయ్యాయి, విమానాలు ఆగాయి. ఇంటికి పోవలసినవాళ్ళు కట్టిన అట్టపెట్టెలు కట్టినట్టే మంచాల కింద ఉండిపోయాయి. సిస్టర్ వారానికొకసారి, శుక్రవారం మధ్యాహ్నం నాకు ఫోన్ చేసి ఎవరికి జ్వరం, ఎవరికి దగ్గు అని అడిగేది. నేను గది నంబర్లవారీగా చెప్పేవాణ్ణి.

అలాంటి ఒక శుక్రవారం, నా వివరాలన్నీ విన్నాక, "జ్వరాల సంగతి సరేనండీ. మిగతా ఒళ్ళు ఎలా ఉంది వాళ్ళకి?" అంది. నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. మా కుర్రవాళ్ళలో నలుగురైదుగురు తనకు సొంతంగా ఫోన్ చేస్తున్నారట. జ్వరం వచ్చి తగ్గిన వాళ్ళకు, కరోనా మగతనాన్ని తినేస్తుందని ఎవరో వీడియో పంపారట. ఒకడు ఏడ్చాడట. జ్వరం పడి లేచినవాడికి మెట్లెక్కడానికే ఓపిక ఉండదు, దేనికైనా కొంతకాలం పడుతుంది, అన్నం తిని నిద్రపొమ్మనండి, పొడులు మాత్రం కొననివ్వకండి అని చెప్పింది. తరువాత అసలు మాట అంది.

"పది మందున్న గదిలో పెళ్ళాంతో ఒక ముద్దు మాట ఎలా చెప్పుకుంటారండీ? దుప్పటి కప్పుకుని గుసగుసలాడితే పక్కవాడు నవ్వుతాడు. అటు ఆవిడ, ఏంటి మాట్లాడవు, నేనక్కర్లేదా అంటుంది. ఇలా ఎన్నాళ్ళు? తలుపున్న ఒక్క గది ఇవ్వలేరా మీరు?"

క్యాంపులో ఖాళీ గది లేదన్నాను. మీ హాజరాఫీసు ఏం చేస్తున్నారండీ అంది. అది కంపెనీ ఆఫీసు, కంపెనీ ఏమంటుందో అన్నాను. భార్యాబిడ్డలతో మాట్లాడుకునే గది అని చెప్పండి, అందులో అబద్ధమేముంది అంది. నేను ఇంకా ఏవో అడ్డంకులు చెబుతుంటే, గొంతు మార్చకుండానే, "నేనూ ఇరవై ఏళ్ళు ఫోన్‌లోనే కాపురం చేశానండీ. నాకు ఆసుపత్రి హాస్టల్లో తలుపుకి గడియ ఉండేది. అదొక్కటీ లేకపోతే నా కాపురం నిలిచేది కాదు" అంది. ఆమెకు భర్త ఉన్నాడని నాకు అప్పుడే తెలిసింది.

మేనేజరుతో మాట్లాడాను. ఆయన ఫైలు నుంచి తల ఎత్తకుండానే సరే అన్నాడు. హాజరాఫీసు గేటు పక్కన చిన్న గది. బల్ల, కుర్చీ, ఏసీ. కిటికీ అద్దానికి సిమెంటు సంచుల కాగితం అంటించాం. లోపలి గడియ లేకపోతే మా వడ్రంగి బిగించాడు. మనిషికి అరగంట చొప్పున వంతులు వేశాను. పెళ్ళికానివాళ్ళు తల్లులతో మాట్లాడుకోవచ్చునని కూడా చెప్పాను. దానికి ఫ్యామిలీ రూం అని పేరు పెట్టాను. మర్నాటికి అందరూ దాన్ని సంసారం రూం అంటున్నారు. నేను ఆ పేరు మాన్పించాలని కొంతకాలం ప్రయత్నించి విరమించాను.

మొదటి వారం ఎవరూ పోలేదు. తలుపు వైపు చూసి నవ్వుకుంటూ తిరిగేవాళ్ళు. చివరికి అందరికంటే పెద్దవాడు, మేస్త్రీ పోశెట్టి, జుట్టుకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని లోపలికి పోయాడు. బయటికి వచ్చేసరికి పది మంది కాచుకుని ఉన్నారు. "ఏం మామా, సంసారం ఎట్లున్నది?" అని ఒకడు అడిగాడు. "నెట్టు ఆగి మీ అత్తమ్మ సగమే కనవడ్డది రా. ఆ సగం తిట్టే సగం" అన్నాడు పోశెట్టి. ఆ నవ్వుతో గదికి భయం పోయింది. ఆ తరువాత వంతుల కోసం పోట్లాటలు. పోశెట్టి తన వంతు ఏనాడూ వదులుకోలేదు. లోపల ఏం మాట్లాడతావని ఒకసారి అడిగాను. ఏమీ మాట్లాడనన్నాడు. ఆమె ఫోను గోడకు ఆనించి వంట చేసుకుంటుందట, ఈయన కుర్చీలో కూర్చుని చూస్తాడట. ఈ మాట సిస్టర్‌కు చెప్పాను. "అదేనండీ కాపురమంటే. ఇంకేమనుకున్నారు మీరు?" అంది.

నిజానికి నేను ఇంకేదో అనుకున్నాను. అందుకే మొదట్లో ఆ తలుపు ముందు నుంచి పోయేటప్పుడు వేగంగా నడిచేవాణ్ణి. లోపల ఏడుపులు, కొట్లాటలు, పాటలు, నవ్వులు, ఏ చప్పుడూ లేకపోవడాలు. ఇన్నేళ్ళు ఈ మనుషుల రాకపోకలు రాసుకున్న నాకు, వాళ్ళు ఒంటరిగా ఎలా ఉంటున్నారో తెలియదని ఆ నెలల్లో అర్థమైంది. మొగుడూ పెళ్ళాల మధ్య దూరం సముద్రం ఒక్కటే కాదని కూడా.

ఇక గంగాధర్ సంగతి. వాడి పేరూ, భార్య పేరూ మార్చి రాస్తున్నాను. ఈ రాతలో సగం వాడి సంగతే, అయితే సిస్టర్ లేకుండా వాడి సంగతి లేదు. కోరుట్ల దగ్గరి వాడు, టైల్స్ పనివాడు, చేతి పని శుభ్రం. పెళ్ళైన రెండు నెలలకే వీసా వచ్చింది. మొదటి సెలవు కరోనాలో కొట్టుకుపోయింది. భార్య పేరు రజిత. బీడీలు చుడుతుంది. వీడియోలో మాట్లాడేటప్పుడు కూడా ఒడిలో చాట ఉంటుందని, చేతులు ఆగవని వాడే గర్వంగా చెప్పేవాడు. సంసారం రూంలో మొదట్లో వాడి అరగంట ఎప్పుడూ ముప్పావుగంట అయ్యేది.

మరుసటి ఏడు గేటు తెరిచారు. పనులు పుంజుకున్నాయి, శుక్రవారాలు బయటికి పోనిచ్చారు. అప్పుడు మా డ్రైవర్ యూసుఫ్ భాయ్, నిజామాబాద్ ఆయన, నవ్వుతూ ఒక మాట చెప్పాడు. "గంగాధర్‌కు ఏమైంది భాయ్? తన టైం ఒక చాయ్‌కి ఇచ్చేస్తుండు." నేను సిస్టర్‌తో మాటల్లో ఈ సంగతి అన్నాను. ఆమె నవ్వలేదు. పెళ్ళాన్ని చూడలేకపోతున్నాడంటే ఒంట్లోనో మనసులోనో ఏదో ఉంది, నాకు ఫోన్ చెయ్యమనండి అంది. చెప్పాను. వాడు సరే సార్ అని చెయ్యలేదు. పిలిచి గట్టిగా అడగమంటారా అంటే వద్దంది. గది ఉంది, ఫోను ఉంది, వాడే వస్తాడు అంది.

వాడు రాలేదు. టికెట్టు వచ్చింది. విమానాలు మొదలయ్యాక మా క్యాంపులో మొదటి విడత పోయేవాళ్ళలో వాడి పేరుంది. ప్రయాణానికి ముందు ముక్కులో పుల్ల పెట్టి చేసే పరీక్ష చేయించాం. సాయంత్రానికి ఫలితం వచ్చింది. నెగటివ్. క్యాంపులో ఆ మాటకు అప్పట్లో ఎంత విలువో ఇప్పుడు చెప్పినా నమ్మరు. నెగటివ్ వచ్చినవాడు మిఠాయి పంచేవాడు. గంగాధర్ ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ముఖం విప్పారి ఉంది.

"సార్, నాకొక రంధి ఉండె. ఇయ్యాల్టితోని పోయింది. అన్నిట్ల నెగటివ్ అచ్చింది."

అన్నిట్లో అంటే ఏమిట్రా అన్నాను. "ఒంట్ల ఏ రోగం లేదని రాసిన్రు గద సార్" అని కాగితం చూపించాడు. నేను కూర్చోమన్నాను. అప్పుడు చెప్పాడు. గేటు తెరిచిన కొత్తలో ఒక శుక్రవారం గుదైబియాలో ఒకచోటికి పోయాడు. తరువాత ఇంకోసారి. ఎవరి దగ్గరికి అని నేను అడగలేదు. కొన్నాళ్ళకు ఒక పుండు లేచింది. నొప్పి లేదు. గదిలో ఎవరో మిగిలిన మాత్రలు ఇస్తే రెండు వేసుకున్నాడు, అదే మానిపోయింది. ఆ తరువాత అరచేతుల్లో మచ్చలు వచ్చాయి. టైల్స్ మధ్య పూసే గ్రౌటు పడలేదనుకుని గ్లవుజులు వేసుకున్నాడు, అవీ పోయాయి. కానీ లోపల భయం ఉంది. అందుకే రజిత ముఖం చూడలేకపోయాడు. ఇప్పుడు ప్రభుత్వమే నెగటివ్ అని రాసిచ్చింది, ఇంక భయం లేదని వాడి ధీమా.

నాకు వైద్యం తెలియదు. ఆ కాగితం కరోనాకు మాత్రమే అని తెలుసు, అంతే. సిస్టర్‌కు ఫోన్ చేశాను. పొద్దున్నే తీసుకురమ్మంది.

యూసుఫ్ భాయ్ వ్యాన్‌లో వెళ్ళాం. దారిలో గంగాధర్ ఒకే మాట పదిసార్లు అన్నాడు. రక్తం ఇస్తే పాస్‌పోర్టు మీద రాస్తారట, మళ్ళీ దుబాయి రానియ్యరట. సిస్టర్ తెర లాగింది. సార్‌ను ఉండనియ్యుండ్రి అని గంగాధరే అన్నాడు కాబట్టి నేను లోపలే నిలబడ్డాను. ఆమె కాగితం తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పై నుంచి కింది దాకా చదివి తిరిగి ఇచ్చింది.

"ఈ కాయితం నీ ముక్కు సంగతి చెప్పిందిరా అబ్బాయ్. మిగతా ఒళ్ళు సంగతి దీన్నెవరడిగారు?"

వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమె అన్నీ అడిగింది, ఎప్పుడు, ఎన్నిసార్లు, తొడుగు వాడావా లేదా అని. అన్నం తిన్నావా అన్న గొంతుతోనే. వాడు మొదట నేల చూసి, తరువాత ఆమెను చూసి జవాబు చెప్పాడు. రక్తం తీశారు. ఇది సిఫిలిస్ అని డాక్టరు చెప్పాడు. ఎప్పుడు అంటుకుందో వాడు ఖాయంగా చెప్పలేకపోయాడు కాబట్టి వారానికొకటి చొప్పున మూడు సూదులు. మొదటిది అక్కడే వేశారు. మిగతావి ఇంటి దగ్గర వేయించుకోమని చీటీ రాశారు. ఆ చీటీ వెళ్ళేది నీ జేబులోకే కానీ పాస్‌పోర్టులోకి కాదు అని సిస్టర్ దాన్ని మడిచి వాడి చేతిలో పెట్టింది. ఆవిడెవరో ఆవిడకీ కబురు చెయ్యి, ఆవిడకీ ఇదే సూది కావాలి అని కూడా అంది.

గంగాధర్ సూది వేసిన చోట చెయ్యి అదిమిపెట్టుకుని లేచాడు. గండం గడిచిందనుకున్నట్టున్నాడు. అప్పుడు సిస్టర్ స్టూలు లాక్కుని వాడి ఎదురుగా కూర్చుంది.

"ఇంటికెళ్ళాక పద్నాలుగు రోజులు నువ్వొక గదిలో ఉండాలి. ఊరంతా నీ గుమ్మం వంకే చూస్తుంటుంది. బయటికి కాలు పెట్టలేవు. రెండో సూది, మూడో సూది ఆ రోజుల్లోనే పడతాయి. నర్సుని పిలిచేదెవరు?"

వాడు చీటీ మడత విప్పి మళ్ళీ మడిచాడు.

"నీ పెళ్ళామే కదా. పద్నాలుగు రోజులయ్యాక ఆవిడ నీ పక్కకి వస్తుంది. అప్పటికి డాక్టరు చూసి సరే అనకపోతే ఏం చెప్తావ్?"

"కరోనా సూదులని చెప్త సిస్టర్" అన్నాడు గంగాధర్. "ఇంకా తగ్గలేదని చెప్త. నిజం జెప్తె తల్లిగారింటికి వోతది. మల్ల రాదు."

నాకు ఆ ఉపాయం మంచిదే అనిపించింది. క్యాంపులో ఎవరైనా అదే చెప్పేవారు. కరోనా పేరు చెబితే ఆ రోజుల్లో ఏదైనా చెల్లేది. సిస్టర్ కూడా కాదనలేదు. చెల్లుతుందిరా, ఆవిడ నమ్ముతుంది కూడా అంది. తరువాత అన్న మాటలు నేను ఆ రోజు వ్యాన్‌లో కూర్చుని మనసులో రెండుసార్లు చెప్పుకున్నాను.

"నమ్మి నీ పక్కన పడుకుంటుంది. పడుకోవాలో వద్దో తేల్చుకోవాల్సింది ఆవిడ. అది కూడా నువ్వే తేల్చేస్తున్నావ్. రోగం కంటే అది ఎక్కువరా."

వాడు ఏడవలేదు. బయట తరువాతి రోగులు కాచుకుని ఉన్నా సిస్టర్ లేవలేదు. చివరికి, ఎట్ల జెప్పాలె అని అడిగాడు. ఎలాగైనా చెప్పు, కానీ నిన్ను చూసి జాలిపడేలా చెప్పకు, జబ్బు పేరు చెప్పు, సూదులు చెప్పు, తప్పు నీదని చెప్పు, ఆ తరువాత నోరు మూసుకుని ఆవిడ అనేది విను అంది. మేము బయలుదేరుతుంటే నాతో, రేపు పొద్దున నాకు టీకాల హాల్లో డ్యూటీ, ఫోను లాకర్లో పెట్టేస్తారు, ఏదైనా ఉంటే మధ్యాహ్నం చెయ్యండి అంది.

ఆ సాయంత్రం వాడికి వంతు లేదు. యూసుఫ్ భాయ్ తన వంతు ఇచ్చాడు. బదులు చాయ్ అడగలేదు, వేళాకోళమూ చేయలేదు. ఏమీ తెలియనట్టు, "పో భాయ్, మాట్లాడుకో" అన్నాడు. గంగాధర్ లోపలికి పోయి గడియ వేసుకున్నాడు. నేను నీళ్ళ కూలరు దగ్గర నీడలో నిలబడ్డాను. లోపలి నుంచి మాటలు వినబడలేదు. అరగంట కాకముందే తలుపు తెరుచుకుంది. "చెప్పిన సార్" అన్నాడు. ఏమన్నది అని అడిగాను. "చాట కింద వెట్టింది. ఏమనలే. కట్ చేసింది." మళ్ళీ ఎన్నిసార్లు చేసినా ఆమె ఎత్తలేదు. వాడు అన్నం తినలేదు. అట్టపెట్టె కట్టడం సగంలో ఆపి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ మర్నాటి ఉదయం జరిగింది రాసి ఆపుతాను.

నేను మెస్సు ముందు చాయ్ తాగుతుంటే ఇండియా నంబరు నుంచి ఫోన్ వచ్చింది. రజిత. ఆపదకు ఉంటుందని అందరి ఇళ్ళలోనూ నా నంబరు ఇచ్చి ఉంచాం. నమస్తే సారూ అంది. ఏడ్చిన గొంతు కాదు, నిద్రలేని గొంతు.

"ఆయన నిన్న ఏదో రోగం పేరు జెప్పిండు. నాకు సమజ్ గాలె. అది నిజమేనా? ఏం రోగం సారూ అది?"

ఎదురుగా నలుగురు పళ్ళు తోముకుంటున్నారు. సిస్టర్ ఫోను లాకర్లో ఉంది. మా వైపు ఆడకూతురితో, అదీ కూతురు వయసు పిల్లతో, నేను ఇలాంటి మాట జీవితంలో అని ఎరగను. మధ్యాహ్నం సిస్టర్ చేత చెప్పిస్తానమ్మా అనే మాట నాలుక మీదికి వచ్చింది. అప్పటికి గంగాధర్ ఏర్‌పోర్టులో ఉంటాడు. ఆమె ఏం తేల్చుకోవాలన్నా ఇప్పుడే తేల్చుకోవాలి. నేను హాజరాఫీసులోకి పోయి తలుపు వేసుకున్నాను. కుర్చీలో కూర్చున్నాను. గొంతు తగ్గించలేదు.

"నిజమేనమ్మా. సిఫిలిస్ అంటరు. మన దిక్కు సవాయి రోగమంటరు. ఆడమనిషి తోని కలిస్తె అంటుకున్నది. మందున్నది, నయమైతది. మూడు సూదుల్ల ఒకటి నిన్ననే ఏసిన్రు."

అవతల బస్సు పోతున్న చప్పుడు. ఆమె ఇంటి బయట నిలబడి మాట్లాడుతోందని తెలిసింది.

"నాకు అంటుతదా?"

"మూడు సూదులు అయ్యి, అక్కడి డాక్టరు చూసి సరే అనేదాక కలవకుంటె అంటదు. ఒక్క గిలాసల నీళ్ళు తాగినా, బట్టలు ఉతికినా ఏం గాదు."

"ఎవలామె?"

"నాకు తెలువది బిడ్డా. అది నువ్వు ఆయన్నే అడగాలె."

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు. సర్దిచెప్పే మాటలు నాకు చాలా వచ్చు. క్యాంపులో ఎన్ని తగాదాలు తీర్చానో. ఒక్కటీ వాడలేదు. ఆమె తేల్చుకోనీ అని కూర్చున్నాను. ఆ ఊరుకోవడమూ, ఆ మాటను మామూలు గొంతుతో అనగలగడమూ, రెండూ నాకు దీనమ్మ సిస్టర్ ఇచ్చి వెళ్ళినవి. అప్పటి నుంచి అవి నా దగ్గరే ఉన్నాయి. మా వైపు కుర్రవాళ్ళు, ఇప్పుడు కొందరు ఆడవాళ్ళు కూడా, ఇంకెవరినీ అడగలేనివి నన్ను అడుగుతారు. తెలిసింది చెబుతాను. తెలియనిది డాక్టరు దగ్గరికి తీసుకుపోతాను. డైరీలో వాళ్ళ పేర్లు రాయను.

చివరికి రజిత అంది: "రమ్మనుండ్రి సారూ. ముందటి అర్రల పక్క ఏస్త. నర్సమ్మను నేనే పిలుస్త. అడిగేది పద్నాలుగు దినాలు తలుపు అవతలికెల్లి అడుగుత. ఉండుడా పోవుడా అన్నది అటెనుక చెప్త."

పెట్టేసింది. నేను గదిలోకి పోయేసరికి గంగాధర్ పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు, తాడు చేతిలో. ఏమన్నది సార్ అని కళ్ళతోనే అడిగాడు. ఆమె అన్నది అన్నట్టు, ముందు గదిలో పక్క సంగతితో సహా, ఒక్క మాట కలపకుండా, తీసెయ్యకుండా చెప్పాను. వాడు విన్నాడు.

"ముందటి అర్రలనా?" అన్నాడు.

"ముందటి అర్రల."

వాడు తల ఊపాడు. లేచి, పెట్టెకు తాడు రెండో చుట్టు తిప్పి, మోకాలితో అదిమి ముడి వేశాడు. గేటు దగ్గర యూసుఫ్ భాయ్ హారన్ కొట్టాడు.